సంచి మూతికి రెండు కుట్లు

మా పాస్టరమ్మగారు పోయారని మా ఊరి పక్క జాలర్ల కుప్పం నుంచి ఫోనొచ్చేసరికి నేను కావలిలో నా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తుతున్నాను. ఊరు చేరేసరికి, ప్రభువునందు నిద్రించారని చర్చి మైకులో చెప్తున్నారు. విని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నిద్రపోయిన మనిషి కాదు. వాగు ఉప్పైపోతోందని అందరి గుమ్మాలూ తొక్కి తొక్కి, ఎవరూ పలక్కపోతే అలిసిపోయిన మనిషి.

మీలో ఎవరైనా బోగోలు దాటి సముద్రం దాకా వచ్చుంటే మా వాగును చూసే ఉంటారు, చూసినా వాగనుకుని ఉండరు. ఇప్పుడది ఇసుక లారీలు తిరిగే గుంటల బాట. నా చిన్నప్పుడు అందులో తియ్యటి నీళ్ళు పారేవి. మా చర్చిలో బాప్తిస్మాలన్నీ ఆ వాగు మడుగులోనే. నన్నూ అక్కడే ముంచి లేపారు. పాస్టరుగారు ముంచేవారు, ఆవిడ గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడేవారు.

ఆవిడకో అలవాటుండేది. బావి గానీ బోరు గానీ కరెంటు స్తంభం గుంట గానీ, ఎక్కడ తవ్వినా ఊరిన నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకునేవారు. "ఇంకా తియ్యగానే ఉండాయిలే" అని కుచ్చెళ్ళు దులుపుకుని పోయేవారు. పాస్టరుగారి సమాధి గుంటలోనూ అలాగే వేలు పెట్టారు. భర్త శవం పక్కనుంచుకుని అదేం పనని మా అమ్మ నొచ్చుకుంది. "ఆయన తియ్యటి నీళ్ళ పక్కన పడుకుంటాడు. నాకది చాలు" అన్నారావిడ.

ఆ తరవాతి వేసవిలో ఒక ఆదివారం చూద్దుము కదా, వాగు నిండా నీళ్ళు. వాన చుక్క పడలేదు. అయినా దేవుడి మేలని మురిసిపోయాం. కొత్తగా వచ్చిన పాస్టరు బాప్తిస్మానికి పిల్లల్ని తెల్లబట్టల్లో వరసగా నిలబెట్టాడు, మేం పాటెత్తుకున్నాం. మొదట మునిగిన పిల్ల కళ్ళు మంటలని ఏడుస్తూ లేచింది. పాస్టరమ్మగారు వేలు ముంచి నాలిక్కి రాసుకుని, పాట మధ్యలోనే అరిచారు.

"ఆపండి! ఇది మన వాగు కాదు, సముద్రం ఎక్కొచ్చుండాది. దీనికా మీరు స్తోత్రం పాడేది?"

ఇసుక తోడి తోడి వాగు అడుగు దిగిపోయింది. పోటుకు ఉప్పునీళ్ళు ఎదురెక్కాయి. నీళ్ళకు మొహం వాచిన వాళ్ళం, ఏ నీళ్ళో చూసుకోకుండా చప్పట్లు కొట్టాం.

ఆ ఏడే ఉప్పుకట్ట మొదలైంది. వానలు వెనకబట్టాక, వాగు సముద్రంలో కలిసేచోట ఇసుక మూటలతో అడ్డకట్ట. చేపలు పట్టుకుని బతికే కుప్పం వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. కట్ట వేస్తే వాగులోకి రొయ్య ఎక్కదన్నారు. ఆవిడ కుప్పం పెద్ద ఇంటిముందు కూలబడ్డారు. "అన్నా, రొయ్య లేకపోతే గంజి తాగి బతకతాం. తియ్యటి నీళ్ళు లేకపోతే గంజి దేంతో కాస్తావు?" ఒక మూల రొయ్యకు తూము వదిలితే సరేనన్నాడాయన. అప్పట్నుంచి కట్ట పనికి అందరికన్నా ముందొచ్చేది ఆయనే.

నాకు మిషను నేర్పింది ఆవిడే. ఈ రోజుకీ నేను తినే అన్నం ఆవిడ పెట్టిందే. అందుకని కట్ట దగ్గర దబ్బనం నా చేతికిచ్చారు. ఇసుక నింపిన యూరియా సంచుల మూతులు కుట్టడం నా పని. ఆవిడ వెనకే నిలబడి ఒకటే పోరు. "రెండు కుట్లెయ్ మే. ఒకటి సముద్రం ఇప్పేస్తాది, రెండోది మనకి మిగల్తాది." కొన్నేళ్ళు నిజంగానే మిగిలింది. బావుల్లో నీళ్ళు మళ్ళీ నోట పెట్టుకునేలా అయ్యాయి.

తరవాత లారీలు కట్ట దాకా దిగాయి. ఆవిడ అడ్డం నిలబడితే డ్రైవరు నవ్వి, "మీ చర్చి శ్లాబుకి ఇసక యాడిదమ్మా?" అన్నాడు. ఆవిడ తిన్నగా మా షాపుకొచ్చి, "వాడు చెప్పింది నిజమే కదమే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

ఏటికేడు మనుషులు తగ్గారు. ఇంటిముందుకు ట్యాంకరొస్తుంటే మూటలు మొయ్యడం ఎవరికి కావాలి? బాప్తిస్మానికి చర్చిలోనే టైల్సు వేసి సిమెంటు తొట్టి కట్టారు. ఆవిడ దాని వంక చూడలేదు. ఈ ఏడు కట్టకు వచ్చింది ఆవిడ, నేను, కుప్పం పెద్ద. ముగ్గురం ఏం కడతాం? ఖాళీ సంచుల మోపు ఆవిడ వసారాలోనే ఉండిపోయింది.

సమాధి గుంట పాస్టరుగారి పక్కనే, వాగు గట్టున తవ్వారు. నడుం లోతుకే నీళ్ళు ఊరాయి. అందరం ఆ నీళ్ళనే చూస్తున్నాం, ఒక్కరూ వంగరు. చివరికి కుప్పం పెద్ద దిగి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. బతుకంతా ఉప్పునీళ్ళలో నానిన మనిషి, ఆ ఉప్పుకు తల పట్టుకుని ఏడ్చాడు.

గుంట పక్కలు జారిపోతున్నాయి. పెట్టె దించేదెట్లా అని పాస్టరు కంగారుపడ్డాడు. "కట్టకి దాచిన సంచులుండాయి గదా, తెండి" అన్నాడు కుప్పం పెద్ద. మోపు తెచ్చి, తవ్విన మట్టే వాటికి నింపారు. నేను గట్టున చతికిలబడి దబ్బనం పట్టుకున్నాను. వెనక పోరు పెట్టేవాళ్ళు లేరు. అయినా ప్రతి మూతికీ రెండు కుట్లు వేశాను.

వాటిని అడుగున పరిచి, ఆవిడను వాటి మీద దించారు. మేం మట్టి వేస్తుండగానే సంచుల సందుల్లోంచి నీళ్ళు పైకొస్తున్నాయి.