సర్కారు పరాచికాలు

సర్కారు కొలువులో ఉండి జనాన్ని నవ్వించబోయిన మూర్ఖుడు సికింద్రాబాద్ మొత్తానికి ఒక్కడే. ఆ ఘనుణ్ణి నేనే. ఎంత కొంప ముంచానో చెబుతాను, నవ్వొస్తే మొహమాటపడకండి.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు బోయిగూడలో కలరా మొదలైంది. నేను మునిసిపాలిటీలో కొత్త గుమాస్తాని. వయసు ఇరవై రెండు, తెలివి అందులో సగం. సూది వేయించుకోమని గోడల నిండా హుకుంలు అంటించినా ఒక్కరూ రావడం లేదు. "భయపెడితే రారు సార్, నవ్విస్తే వస్తారు," అని మా ఆఫీసరుకు సలహా ఇచ్చాను. పాపం, ఆయన నమ్మాడు.

దండోరా వేసే మల్లయ్య డప్పు కొట్టి, నేను నేర్పించింది నేర్పించినట్టే చాటాడు.

"ఇనుండ్రి! కలరా దొర మన గల్లీకి చుట్టమై వచ్చిండు. ఈగలు ముసిరిన మిఠాయి పెట్టినోళ్ళ ఇంట్లనే మకాం. సూది ఏపిచ్చుకున్నోళ్ళ గడప తొక్కడంట, దొరకు సూదంటే గజగజ!"

గల్లీ గల్లీ పడి పడి నవ్వింది. "మల్లన్నా, జెర మళ్ళ చెప్పు," అని వెంటపడ్డారు. నేను గాల్లో తేలిపోయాను. సూదుల డాక్టరు మాత్రం బడి వరండాలో ఒక్కడే కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు.

మా పక్కింటి దర్జీ ఖాసిం చాచా అందరికంటే ఎక్కువ నవ్వాడు. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి.

"సూది వేయించుకున్నారా చాచా?"

"ఎందుకు బేటా? బీమారీ పోయింది గద."

"ఎవరు చెప్పారు?"

"మీ సర్కారే. నిజాం జమాన సూసిన, పోయినేడు ఫౌజు వచ్చినప్పుడు సూసిన. ముప్పు, ఖతరా ఉన్నన్ని దినాలు సర్కారు మొఖం మాడ్చుకునే ఉంటది. ఇప్పుడు పరాచికాలాడుతుందంటే ఇగ ఫికర్ లేనట్టే."

"అది నేను రాసింది చాచా. రోగం ఇంకా ఉంది, లేవండి, పోదాం."

"నువ్వు రాసినవా? శాబాష్," అని నా వీపు తట్టి, మళ్ళీ నవ్వి, కుట్టుమిషను తొక్కుకున్నాడు. బతిమాలాను. ఎంత బతిమాలితే అంత నవ్వాడు.

నాలుగో రోజున దవాఖానాలో ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి, గొంతు బొంగురుపోయింది.

"బేటా, సర్కారు ఇంకా నవ్వుతున్నదా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"లేదు చాచా."

"అయితే ఖతరానే," అన్నాడు. సాయంత్రానికి పోయాడు.

మర్నాడు నేను ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు సర్కారు నోటీసులు రాశాను. వాటిని చదివి ఆవులించినవాళ్ళున్నారు, నిద్రపోయినవాళ్ళున్నారు. నవ్వినవాడు మాత్రం ఒక్కడూ లేడని బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను.