కళావరు నాలుగు

మొన్న మా మనవరాలు నా ఫోనులో ఒక్కరే ఆడుకునే పేకాట పెట్టిచ్చింది. ప్రతి పంపకమూ గెలవొచ్చని అందులో రాసి ఉంది. ఒళ్లు మండింది. అలా మాటివ్వడానికి వాళ్లెవరు? ఆ సంగతి తేల్చడానికి నేను ఒక వర్షాకాలమంతా తగలేశాను. ఇప్పటికీ అర్థం కాలేదు.

కొత్తపేటలో మా మేనత్త రిటైరైన టీచరు. రోజూ మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసి మంచం మీద పేకముక్కలు పరిచేది. పాస్టరుగారి కంట పడకూడదని మూసేది. ఎండ పడకుండా అని చెప్పేది, బయట వాన కురుస్తున్నా సరే. ఆ ఏడు ఆవిడ కంటికి జబ్బు చేసింది. ఆలస్యమైతే చూపు పోతుందనీ, ఆపరేషన్ చేయించుకోమనీ అమలాపురం డాక్టరు చెప్పాడు.

"ఈ ఆట తేలిన రోజున బయల్దేరతాన్రా అబ్బాయ్," అంది అత్తయ్య.

అది తేలితేగా! తప్పు ఆటదే అనుకున్నాను. నేను బడిలో చదివింది తక్కువే అయినా, లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాననే పొగరు ఉండేది. బోర్లా పరిచే వరసలు ఏడుంటే ఆరు చేశాను. ఖాళీ అయిన చోట ఏ ముక్కైనా పెట్టుకోవచ్చన్నాను.

"ఊరికే గెలిపించేస్తే నాకొద్దు. కాస్త పోట్లాట ఉండాలి," అనేది.

"ఆయ్, ఉంటుందండి," అని మళ్లీ నోటుపుస్తకం తీసేవాణ్ణి.

విచిత్రమేమిటంటే, మా ఇంట్లో నా పేకతో ఆడితే మూడుసార్లకోసారి తేలేది. అదే ఆట ఆవిడ మంచం మీద, ఆవిడ పేకతో ఒక్కసారీ తేలలేదు. ఎప్పుడూ కళావర్ల దగ్గరే బిగుసుకునేది. "నాలుగు అడుగునెక్కడో ఉండిపోయిందిరా," అనేది తాపీగా. నేను రాత్రనక పగలనక రూల్సు దిద్దాను. ముక్కలు మాత్రం లెక్కపెట్టలేదు.

క్రిస్మస్ నాటికి ఆవిడకి అక్షరాలు ఆనడం మానేశాయి. డాక్టరు ఇక లాభం లేదన్నాడు. బైబిలు చదివి పెట్టమంటే తెరిచాను. కీర్తనల మధ్య కళావరు నాలుగు.

నా చేతిలో కాగితం చప్పుడు ఆగిపోవడం విన్నట్టుంది.

"కత్తంటే భయం వేసిందిరా. అయినా నువ్వెప్పుడో ఒకప్పుడు లెక్కపెడతావనుకున్నాను," అంది.

దాచిన ఆవిడదా, కనిపెట్టని నాదా, తప్పెవరిదో ఇన్నేళ్లుగా తేలడం లేదు. ఫోనులో అన్ని ముక్కలూ ఉన్నాయట. అయినా మొదలుపెట్టే ముందు తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాను, ఆ వర్షాకాలం ఇంకా వెలవలేదేమో అన్నట్టు.