రేకు మీద రెండో వలయం

నా రేకు వంకరగా ఉందని ఆయన తన రిపోర్టులో రాశాడు. రాసి, అట్ట కట్టించి, కాలేజీ లైబ్రరీలో పెట్టించాడు.

ఆయన కర్నూలులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. నాది బేతంచెర్లలో వెల్డింగు షాపు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. కాగిన రేకు మీద సన్నని గొట్టంతో సూటిగా గాలి కొడితే ఎక్కడెక్కడ ఎంత చల్లబడుతుందో ఆయన కంప్యూటరులో లెక్కకట్టేవాడు. గాలిని చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వేగమూ వేడీ తేల్చడమన్నమాట. ఆ లెక్కను సరిచూసుకోవడానికి నిజం గొట్టం, నిజం రేకు అమర్చి ఇమ్మని నా దగ్గరికి వచ్చాడు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. భౌతికశాస్త్రం పాత పుస్తకాలు కొని చదువుకున్నాను. పల్చటి రేకును పాలిష్ పట్టిన నాపబండ మీద బోర్లించి, అంచు కింద సిగరెట్టు కాగితం కూడా దూరనంతగా సరిచేశాను. తర్వాత బండ మీంచి తీసి, పైన కొవ్వొత్తి మైనం పల్చగా పూసి, కింద కరెంటు పొయ్యి పెట్టి, గాలి వదిలాను. మైనం కరిగింది. గొట్టం కింద, గాలికి చల్లబడిన చోట మాత్రం కరగకుండా తెల్లగా నిలిచింది. దాని చుట్టూ కరిగిన సన్నని పట్టీ. ఆ పట్టీ బయట మళ్లీ ఒక తెల్లని వలయం!

“కంప్యూటర్‌లో నడిమధ్యనే చల్లగా ఉండాది పెద్దాయనా. రెండో వలయం లేదు,” అన్నాడాయన.

“నా రేకు మీద ఉండాది కదప్పా! కండ్లు యాడ పెట్టినావు?”

“వేడికి రేకు ఉబ్బింటాది.”

“ముప్పై ఏండ్లుగా ఇనుము కాలుస్తాండా. ఉబ్బితే నాకు తెలీదా?”

నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత నేనే బస్సెక్కి పోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు రిపోర్టు చదివాను. ఒళ్లు మండిపోయింది.

మళ్లీ పొయ్యి పెట్టాను. ఈసారి రేకును నాలుగు వేళ్లు పక్కకు జరిపాను. తప్పు రేకుదే అయితే వలయం రేకుతోపాటు జరగాలి. జరగలేదు, గొట్టం కిందే నిలిచింది. గొట్టాన్ని బాగా పైకెత్తితే మాయమైంది. అది గాలి పనే! నేను చేసిన గేట్లూ గ్రిళ్లూ ఊరంతా ఉన్నాయి గాని, రేకును అలా జరపాలని తోచినందుకున్నంత గర్వం నాకు వేటి మీదా లేదు.

కొలతలన్నీ వేసి ఆయనకు ఉత్తరం రాశాను. ఐదు నెలలకు జవాబొచ్చింది:

“పెద్దాయనకు నమస్కారం. రేకు దగ్గర గాలి సుడి తిరిగే తీరుకు నేను వాడిన సమీకరణాలు సరిపోవు. వేరేవి వాడి, అక్కడి గళ్లు ఇంకా సన్నగా చేసి చూశాను. రెండో వలయం వచ్చింది. లైబ్రరీకి వెళ్లి, రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి, పక్కన మీ పేరు రాసి వచ్చాను.”