వినపడేలా చదివిన పేరు

నిన్న మధ్యాహ్నం నరసరావుపేటలో చిన్న వాన పడింది. ఎండకు కాలి ఉన్న నాపరాళ్ళ మీద చినుకులు పడగానే మా వాకిట్లోంచి వేడి వాసన లేచింది. కారంపూడి దాపున నేను బడిపంతులుగా చేసిన ఊళ్ళో చర్చి నేలంతా అలాంటి రాళ్ళే. ఎండాకాలం ఆదివారాల్లో ఆరాధనకు ముందు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు చల్లేవారు. అప్పుడూ ఇదే వాసన. దాని వెంట ఒక గొంతు కూడా వినపడాలి. వినపడలేదు. లోపలికి వెళ్ళి ఎనభైల నాటి డైరీలు బయటికి తీశాను.

మా వైపు పాస్టర్లను అయ్యగారంటాం. మా అయ్యగారు ప్రతి ఆదివారం గురజాల నుంచి బస్సులో వచ్చేవారు. రంగూన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. అక్కడ సైన్యం గద్దెనెక్కాక మనవాళ్ళు ఎందరో ఓడలెక్కినట్టే ఆయనా వచ్చేశారు. ఆరాధన చివర ఆయన పేర్లు చదివేవారు. జబ్బుపడినవాళ్ళు, కాన్పుకు వెళ్ళినవాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు, ఒక్కొక్కరి పేరూ విడిగా, గొంతెత్తి చదివి ప్రార్థించేవారు. "అందరినీ కాపాడు ప్రభువా అంటే సరిపోదా? దేవుడికి పేర్లు తెలియవా?" అని ఒకసారి అడిగాను. "ఆయనకు తెలుసు మాస్టారూ. మనకు తెలియొద్దూ?" అన్నారు. ఆయనకు చూపు మందగించాక, జాబితాను పెద్ద అక్షరాలతో రాసిచ్చే పని చర్చి సంఘ కార్యదర్శిగా నాకు వచ్చింది.

ఆ ఊరికి ప్రెసిడెంటు మాటే చట్టం. ఎవరు ఎవరికి ఓటెయ్యాలో, ఎవరి పిల్లను ఎవరికివ్వాలో కూడా ఆయన అరుగు మీదే తేలేది. పంచాయతీ ఎన్నికల్లో మా సంఘంలోని దావీదు ఎదుటి పక్షానికి ఏజెంటుగా కూర్చున్నాడు. మర్నాడే టముకు వేశారు. దావీదు ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, పనికి పిలవకూడదు, కొట్లో ఉప్పు కూడా ఇవ్వకూడదు. దావీదు ప్రాణం దక్కించుకోవడానికి కృష్ణ దాటి వెళ్ళిపోయాడు. భార్య సారమ్మ మిగిలింది. ఆమె చర్చికి వస్తే చాప మీద ఆమె చుట్టూ జాగా ఖాళీగా ఉండేది.

ఆ శనివారం జాబితా రాస్తూ దావీదు పేరు దగ్గర నా కలం ఆగింది. ప్రెసిడెంటు తలుచుకుంటే నా ఉద్యోగం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. రాయలేదు.

ఆదివారం అయ్యగారు జాబితా చివరిదాకా చదివి, కాగితం తిప్పి చూశారు. తర్వాత కాగితం లేకుండానే, "దావీదు. ఇతన్ని క్షేమంగా ఇల్లు చేర్చు ప్రభువా" అన్నారు. "ఆమెన్" అన్నది సారమ్మ ఒక్కతే.

అందరూ వెళ్ళాక వసారాలో నా పక్కన కూర్చున్నారు. "ఒక పేరు మరిచిపోయారు మాస్టారూ."

"మరిచిపోలేదు అయ్యగారూ. భయమేసింది."

ఆయన కోప్పడలేదు. రంగూన్ సంగతి చెప్పారు. ఆయన అక్కడ పాస్టరుగా ఉండగా, తాము పట్టుకుపోయినవాళ్ళ పేర్లు ప్రార్థనలో ఎత్తకూడదని సైనికులు హుకుం ఇచ్చి, ప్రతి ఆదివారం చివరి బల్ల మీద కూర్చునేవారట. అలాంటి పేరు పలకాల్సిన ప్రతిచోటా అయ్యగారు మౌనంగా ఆగేవారట. "నా మౌనాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. ఒకరోజు ఒక ఇల్లాలు వచ్చి, అయ్యా, మా ఆయన పేరు ఒక్కసారి నలుగురిలో వినాలని ఇంత దూరం నడిచొచ్చాను, మీరు నోరు మూసుకున్నారు అంది."

తర్వాత మూడు ఆదివారాలు ఆయన దావీదు పేరు చదివారు. నాలుగో ఆదివారం మేమంతా కూర్చున్నాక ప్రెసిడెంటు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. "మీ అయ్యగారు రాడు. బస్సు దిగనీలా, అటే పంపిచ్చినాం. ఇంకేంది చూస్తా ఉండారు, లేసి ఇళ్ళకు పోండి" అన్నాడు. జనం లేవబోయారు. జాబితా నా జేబులో ఉంది. ఈసారి దావీదు పేరు రాశాను గాని, చదివేది అయ్యగారే కదా అన్న ధైర్యంతో రాశాను.

లేచి నిలబడ్డాను. ఒక్కొక్క పేరే చదువుతూ దావీదు దగ్గరికొచ్చాను. పలికాను.

"ఏంది మేస్టారూ, లోపల్లోపల గొణుక్కుంటన్నావు?" అంది సారమ్మ. "వినపళ్ళా. మళ్ళీ చదువు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గుమ్మంలోని మనిషి నన్నే చూస్తున్నాడు. ఊపిరి పీల్చుకుని బయట వీధిలోకి వినపడేలా చదివాను. ఈసారి ఆమెన్ అన్నది సారమ్మ ఒక్కతే కాదు.

నెల తిరక్కుండా నన్ను దుర్గికి ఆవలి ఊరికి మార్చారు. దావీదు ఏడాది తర్వాత ఇంటికొచ్చాడని తెలిసింది. అయ్యగారిని ఆ ఊరు మళ్ళీ రానివ్వలేదు. చిలకలూరిపేట సంఘానికి వెళ్ళిపోయారు. పేరు చదివానని ఉత్తరంలో కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలనుకున్నాను. ఇవాళ రేపు అంటూ గడిపి, సెలవు పెట్టి వెళ్ళేసరికి ఆయన్ను సమాధి చేసి వారమైంది. ఆ రోజు డైరీ పేజీలో ఊరి పేరు తప్ప ఏమీ రాసుకోలేదు.

ఇక్కడ నరసరావుపేట సంఘంలో పేర్లు చదివే పని ఇప్పటికీ నాదే. మైకు పెట్టారు. అయినా చివరి వరుస వైపు చూసి "వినపడిందా?" అని అడుగుతాను. పడుచువాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నా బాధ వేరు. చనిపోయినవాళ్ళ కోసం మా సంఘాల్లో ప్రార్థన చెయ్యం. అందరి పేర్లూ చదివిన ఆ మనిషి పేరు నా జాబితాలో ఎక్కడా రాయడానికి వీల్లేదు. ప్రతి ఆదివారం చివరి పేరు అయ్యాక ఒక్క క్షణం కాగితం తిప్పి చూస్తాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివేవారు దయచేసి పైకి చదవండి. ఆయన పేరు జీవరత్నం.