చాయ్ తాగితే ఫాస్టింగ్ పోతదా?

మా అమ్మకు షుగర్ వచ్చి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆ జబ్బుతో కంటే మా అమ్మతోనే నాకు ఎక్కువ గొడవ. మెదక్‌లో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయిన టీచరమ్మ. తన తప్పు తాను ఒప్పుకోవడం అలవాటు లేదు. నాకేమో కోపం ముక్కుమీదే ఉంటుంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నిజం చెప్పాలంటే పథ్యం బాగానే చేసేది. రాత్రికి అన్నం బదులు జొన్న రొట్టె, పొద్దున చర్చి ఆవరణలో నాలుగు చుట్లు నడక, మాత్ర టైముకు. అయినా పోయిన చలికాలంలో రెండు నెలలు వరసగా ఫాస్టింగ్ షుగర్ రెండు వందలు దాటింది. డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఇంకోసారి గిట్లనే వస్తే ఇన్సులిన్ సూది మొదలుపెడదాం అమ్మా. ఇగ ఉపవాసాలు బంద్," అన్నాడు.

మా అమ్మ సూదికి భయపడే మనిషి కాదు. ఆ రెండో మాటకే ముఖం పాలిపోయింది. శుక్రవారం ఫాస్టింగ్ ప్రేయరంటే ఆమెకు ప్రాణం. పదిమంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి నాలుగింటి దాకా అన్నం ముట్టకుండా కూర్చుని ప్రార్థిస్తారు, పాడతారు, మధ్యమధ్య కోడళ్ల సంగతులు కూడా దేవుడి దృష్టికి తీసుకొస్తారు. నాన్న చనిపోయినప్పుడు అమ్మను మళ్లీ మనిషిని చేసింది ఆ పదిమందే. అది కూడా పోతే ఏమైపోతుందోనని నాకు గుబులు. ఆ గుబులుతోనే దొంగచాటుగా మిఠాయి తింటున్నావా అని అరిచాను.

"దేవుని తోడు, ముట్టలే బిడ్డా," అంది.

మూడోసారి పరీక్షకు నేనే వెంట వెళ్లాను. ఫాస్టింగ్ మళ్లీ ఎక్కువే. అయితే ఈసారి డాక్టరు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయించాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు.

"సగటు గింత ఖరాబ్ లేదు. పొద్దుగాల ఒక్కపూటే ఎందుకు ఎక్కుతున్నదో సమజైతలేదు. ఏం తిన్నరమ్మా?"

"ఏం తినలే సార్. ఫాస్టింగ్‌లనే వచ్చిన."

"మరి తాగింది?"

"చాయ్ తాగిన. జర పెద్ద గిలాసే. నీరసం రావద్దని బెల్లం మంచిగ ఏసుకున్న. షక్కర్ అయితే ముట్టలే సార్."

డాక్టరు పెన్ను బల్లమీద పెట్టేశాడు. "చాయ్ తాగొచ్చి ఫాస్టింగ్ అంటరేందమ్మా?"

మా అమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "చాయ్ తాగితే ఫాస్టింగ్ పోతదా? ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. అన్నం ముట్టద్దు, రొట్టె ముట్టద్దు. చాయ్‌కి పాస్టరుగారు సుత ఏమనలే!"

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇంతకుముందు ల్యాబు మనిషి తెల్లవారుజామునే ఇంటికొచ్చి, ఆమె పొయ్యి వెలిగించకముందే రక్తం తీసుకెళ్లేవాడు. చలికాలం నుంచి అతను రావడం మానేశాడు. "ఫాస్టింగ్‌ల రాండ్రి" అని ల్యాబులో చెబితే ఆమె తనకు తెలిసిన ఫాస్టింగే చేసి వెళ్లింది. అరిచే బదులు ఒక్కసారి అడిగి ఉంటే తేలిపోయేది.

రాత్రి భోజనం తర్వాత పొద్దున రక్తం ఇచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ పనికిరాదనీ, రక్తానికి బెల్లమైనా చక్కెరైనా ఒకటేననీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. రెండు రోజులాగి నీళ్లతోనే వెళ్లి ఇస్తే అంకె దిగింది. సూది అక్కర్లేదన్నాడు.

"అయితే శుక్రవారం పోవచ్చు కద సార్?" అంది అమ్మ, పరీక్ష పాసైన పిల్లలా.

"ఈ మాత్ర ఏసుకొని పొద్దంత కడుపు మాడిస్తే షుగర్ ఒక్కసారి పడిపోతది. చెమటలు, వణుకు, కండ్లు తిరుగుతయి. ఇన్ని వారాలు ఏం కాలేదంటే అదృష్టం. టైముకు తినాల్సిందే."

ఆ గురువారం సాయంత్రం అమ్మ నెమ్మదిగా అంది. "నేను పోను బిడ్డా. అందరు ఉపాసముంటే నడిమిట్ల కూసోని తినాల్నా? నాతోని కాదు."

ఎప్పుడూ ఆమెతో వాదించే నాకు ఆరోజు చాలా బాధేసింది. ఆమెకు తెలియకుండా ఆ ఆడవాళ్లలో పెద్దావిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ మా గుమ్మంలోకొచ్చింది. "నీ వంతు ఉపాసం గూడ మేముంటం టీచరమ్మా. నువ్వు తినుకుంట ప్రార్థన చెయ్యి. నడువు," అని చెయ్యి పట్టి తీసుకెళ్లింది.

పన్నెండున్నరకు నేను డబ్బా తీసుకుని ప్రార్థన దగ్గరికి వెళ్లాను. జొన్న రొట్టె, తోటకూర పప్పు. అమ్మ మూత తీసి, తలవంచి ప్రార్థన మొదలుపెట్టింది. ఒక్కొక్కరి పేరూ, వాళ్ల పిల్లల పేర్లూ చెబుతూ పోతోంది. తినడానికి సిగ్గుపడి పొడిగిస్తోందని నాకు అర్థమైంది. పెద్దావిడకు కూడా అర్థమైనట్టుంది.

"ఆమెన్ అనరాదు టీచరమ్మా, రొట్టె సల్లగైతున్నది!"

అందరూ గొల్లున నవ్వారు. అమ్మ కళ్లు తుడుచుకుని మొదటి ముక్క తుంచింది. పొద్దుటినుంచి ఏమీ తినని ఆ ఆడవాళ్లు, ఆమె ఆఖరి ముక్క తినేదాకా చుట్టూ కూర్చున్నారు తప్ప ఎవరూ పాట ఎత్తుకోలేదు.