పదకొండో నిమిషంలో మైనస్

ఆ రోజు పొద్దున నిండు క్లాసులో ఒకామెను నవ్వులపాలు చేసిన. నా దగ్గర లెక్కలు నేర్చుకునే మనిషి. చేసింది తప్పని అప్పుడే తెలిసింది, పిల్లల నవ్వు ఇంకా ఆగకముందే. కాని అసలు తప్పు నాలుగు నెలల కిందనే చేసి ఉన్న. అది మధ్యాహ్నం దాక తెలియలే.

మా డిగ్రీ కాలేజీ చార్మినార్‌కు నడిచిపోయేంత దూరంలో, గాజుల దుకాణాల వెనక గల్లీలో ఉంటది. ఎవరిదో పాత ఇల్లు. దాన్నే కాలేజీ చేసిండ్రు. మా క్లాసు పై అంతస్తులో. ప్రొజెక్టర్ వేసే ముందు చెక్క కిటికీలన్నీ మూస్తం. మూయంగనే ఆటోల మోత ఎక్కడికో దూరం జరిగిపోతది. నీళ్ల అడుగున కూచున్నట్టుంటది. పైన వెంటిలేటర్ల పావురాలు మసులుతుంటయి. అవి ఇటు నుంచి అటు పోతే వాటి నీడలు గోడ మీది అంకెల మధ్య నడుస్తయి. చెప్పే మాట మరిచిపోయి ఆ నీడలనే చూసుకుంట నిలబడ్డ రోజులున్నయి.

గాజులు తగిలించే కట్టె స్టాండు ఒకటి దుకాణం నుంచి తెచ్చి, దానికి నా ఫోన్ రబ్బరుబ్యాండ్లతో కట్టిన. ఫోన్‌ను ప్రొజెక్టర్‌కు కలిపి, కింద కాయితం పెడితే గోడంత పెద్దగ కనపడుతది. రోజూ ఒక పిల్లవాడో పిల్లనో చేసిన లెక్క అట్ల పెడతం. ఎక్కడ దారి తప్పిందో అందరం కలిసి వెతుకుతం. బోర్డు మీద నేను చేసేటప్పుడు ఒక్క నోరు లేచేది కాదు. సాటివాళ్ల చేతిరాత గోడ మీదికి వచ్చినంక లొల్లి మొదలైంది. "అక్కడ సార్, మూడో లైను!" "అరె, అది గాదురా, దాని పైది!" నాకు ఆ లొల్లి ఇష్టం. దానికి ఒకటే షరతు. కాయితం మీద పేరుండొద్దు. తలుపు దగ్గర అట్టపెట్టె ఉంటది. ఇష్టమున్నోళ్లు పేరు లేకుండ అందులో వేస్తరు.

నేను నవ్వులపాలు చేసిన ఆమె ఆ పొద్దుటిదాక ఎన్నడూ వేయలే. ముప్పయి దాటిన మనిషి. ఇంటర్ అయినంక పెండ్లి, పిల్ల, పదేండ్లు చదువు బందు. మళ్ల బీకాంలో చేరింది. జల్‌పల్లి నుంచి షేర్ ఆటోలో వస్తది. క్లాసంతా ఆమెను ఆపా అంటరు, అక్కా అన్నట్టు. కిటికీ పక్క మూడో బెంచీల కూచుని, నేను దగ్గినా రాసుకుంటదేమో అన్నంత శ్రద్ధగ రాసుకుంటది. "మీరెప్పుడు వేస్తరమ్మా పెట్టెల?" అని అడిగితే "అభీ నహీఁ సార్, ఇంక జర ఆగండి" అని నవ్వేది. నాలుగు నెలలు అట్లనే గడిచినయి.

ఆ పొద్దున పెట్టెలకెళ్లి నేను తీసిన కాయితం ఆమెదే. పేరు లేదు. కాని కుడిపక్కన మార్జిన్ కొట్టి ఉన్నది. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ మీడియంలో చదివిన అలవాటు. మా క్లాసులో అట్ల కొట్టేది ఆమె ఒక్కతే. చూడంగనే గుర్తుపట్టిన. క్లాసు గూడ గుర్తుపట్టింది. ఆ క్షణంలో కాయితం మెల్లగ పక్కకు పెట్టి ఇంకొకటి తీయవచ్చు. తీయలే.

లెక్క చిన్నది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే, బ్రాకెట్ విప్పేటప్పుడు లోపలి గుర్తులన్నీ మారాలె. ఆమె మొదటిదాని గుర్తు మార్చింది, రెండోది మార్చలే. లోపలి మైనస్ అయిదు బయటికొచ్చి ప్లస్ అయిదు కావాలె. మైనస్ గానే ఉండిపోయింది.

ఎందుకట్ల మాట్లాడిననో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను. ముందురోజే, నేను నెట్‌ల పెట్టే లెక్కల వీడియోలు బాగున్నయని ఎవరో పొగిడిండ్రు. ఆ మత్తు ఇంక దిగలేదేమో. గోడ మీది ఆ మైనస్ కింద కర్ర పెట్టి, "ఇది ఎనిమిదో తరగతి ముచ్చట. డిగ్రీకొచ్చి గిట్ల రాస్తరా? ఈ పద్ధతి ఏ మాస్టర్ నేర్పిండో గాని!" అన్న.

వెనక బెంచీ నుంచి ఒకడు, "ఆయన అడ్రస్ చెప్పుండ్రి సార్, ఆ గల్లీల అడుగు పెట్టం" అన్నడు.

క్లాసు గొల్లుమన్నది. నేనూ నవ్విన.

ఆమె లేచి నిలబడ్డది. ఎవరూ లేవమనలే. ప్రొజెక్టర్ వెలుతురు సగం ముఖం మీద పడ్డది. "నాకే సమజ్ కాలే సార్" అన్నది. అని కూచున్నది. బెల్లు కాంగనే అందరికంటే ముందు మెట్లు దిగింది. కాయితం నా టేబుల్ మీదనే ఉండిపోయింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూముల ఎకనామిక్స్ చెప్పే పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పుతున్నడు. నాకంటే పదేండ్లు పెద్ద, అన్నా అని పిలుస్త. జరిగింది చెప్పి కాయితం చూపించిన. మనసులో బరువుగనే ఉన్నది. అయినా, ఎంత చిన్న తప్పో చూడమని చూపెట్టుడు గూడ అందులో ఉన్నది. ఆయన కాయితం మూలన వేలు పెట్టిండు. మార్జిన్ల పెన్సిల్‌తో సన్నగ 11:40 అని ఉన్నది.

"ఇదేంది?"

"ఆటో టైమేమో అన్నా."

"ఆటోకు టైం ఎక్కడిది భాయ్? అది నీ వీడియో నిమిషం. మా పిల్లలు గూడ నోట్సుల గట్లనే రాసుకుంటరు, ఎక్కడ విన్నమో యాదికుండాలని."

నా వీడియోల సంగతి చెప్పాలె. రెండేండ్ల నుంచి తెల్లవారంగ మా వెనక గదిలో తీస్తున్న. మా ఇంటి ఎదురుగ గుడి ఉంటది. తాతల నుంచి పూజ మా ఇంటిదే, ఇప్పుడు తమ్ముడు చేస్తడు. నేను పాఠం చెప్తుంటే మధ్యల తమ్ముడు కొట్టే గంట వినపడుతది. తీసెయ్యరాదు, అట్లనే ఉంచుత. ఆమె చేరిన కొత్తల ఒకసారి చెప్పింది, "మీ వీడియోల గంట కొట్టంగనే మా పాప నిద్ర లేస్తది సార్" అని. నేనెన్నడూ చూడని ఇంట్ల, నేనెన్నడూ చూడని ఒక చిన్నపిల్ల మా గుడి గంటకు కండ్లు నులుముకుంట లేస్తదని చానా రోజులు తలుచుకున్న. బజార్ల నడుస్తుంటే, ఈ మేడల మీద ఏ కిటికీల వెనక ఇప్పుడు నా గొంతు మాట్లాడుతున్నదో అనిపించేది. నేను ఒక్కణ్ణే. నా గొంతు మాత్రం ఎన్నో ఇండ్లల్ల తిరుగుతున్నది. ఆ ఊహ తీయగుండేది. ఆ తీపిలనే నేను చెడిపోయిన.

బ్రాకెట్ల పాఠం తీసి పదకొండు నిమిషాల నలభై సెకండ్ల దగ్గర పెట్టిన. నా చెయ్యి కనపడ్డది. ఎవరి చెయ్యో అన్నట్టు చూసిన. ఆ చెయ్యి తొందర లేకుండ, చక్కగ, మైనస్ అయిదు అని రాసింది. దూరంగ గంట మోగుతున్నది. రెండు లైన్ల తర్వాత జవాబు మాత్రం సరిగ్గ వచ్చింది, ఎందుకంటే అది పాత నోట్సుల నుంచి చూసి రాసిన. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసిన. నాలుగుసార్లూ మైనసే.

కిందికి జరిపితే కామెంట్లు. మస్తుంది సార్. థ్యాంక్యూ సార్. సూపర్ సార్. వాటి నడుమ నాలుగు నెలల కింద ఆమె పేరుతో ఒకటి ఉన్నది. "సార్, 11:40 దగ్గర మైనస్ గట్లనే ఉంటదా? నేను ప్లస్ వస్తది అనుకున్న."

దాని కింద నేను పెట్టిన ఎర్ర హార్టు.

అన్ని కామెంట్లకూ పెడత. ఉస్మాన్‌గంజ్ దగ్గర ట్రాఫిక్ ఆగితే, ఛాయ్ చల్లారేదాక, బొటనవేలుతో ఒకటెనక ఒకటి నొక్కుకుంట పోత. మా నాయన గుళ్లె వచ్చిన వాళ్లందరికీ ప్రసాదం పంచేటోడు. కాని ఆయన ఒక్కొక్కరి ముఖం చూసి చేతుల పెట్టేటోడు. నేను చదవను గూడ చదవలే. ఆమె అడిగింది, నేను హార్టు పెట్టిన. ఆమె దాన్ని అవునన్నట్టు తీసుకున్నది. ఇంకేమని తీసుకుంటది?

అంటే ఆమెకు ముందే సరిగ్గ వచ్చు. దాన్ని చెడగొట్టింది నేను. చెడగొట్టి, దాన్నే గోడంత పెద్దగ చేసి, కర్రతో చూపించి నవ్వించిన.

అన్న రొట్టె తుంచుకుంట నా ముఖం చూసిండు. "వీడియో తీసెయ్ భాయ్. కొత్తది పెట్టు. ఎవరికి తెలుస్తది? ఖతం."

నొక్కినంత పని చేసిన. తీసెయ్యాల్నా అని ఫోన్ ఒకమాట అడిగింది. వేలు దాని మీదనే ఉన్నది. అప్పుడు తట్టింది, వీడియో పోతే దానితోపాటు ఆమె ప్రశ్న గూడ పోతది. ఆమెదే సరి అనేదానికి ఈ లోకంల ఉన్న సాక్ష్యం అదొక్కటే. ఫోన్ బోర్లపెట్టిన.

"ఏమైంది?"

"ఉండనీ అన్నా."

"నీ ఇష్టం. మస్తు మంది చూస్తరు మల్ల" అని ఆయన డబ్బా మూసుకున్నడు.

మరునాడు మూడో బెంచీ ఖాళీ. ఆమెతో ఆటోలో వచ్చే పిల్లను అడిగిన.

"ఇగ క్లాసుకు రానన్నది సార్. పరీక్ష రాస్తదంట అంతే."

"ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్తది సార్?" అన్నది ఆ పిల్ల, నా ముఖంలకు చూసి. ఆ చూపుకు నేను తల దించిన.

కిటికీలు మూసి, గోడ మీద నా వీడియో వేసిన. పదకొండు నలభై. అక్కడ ఆపి, "తప్పు ఎక్కడున్నదో చెప్పుండ్రి" అన్న. ఎప్పటి లొల్లి లేదు. నా చేతిరాతని అందరికీ తెలుసు. చివరికి ముందు బెంచీల పిల్ల ఒకతి నెమ్మదిగ "మైనస్, సార్" అన్నది. ఆమె అడిగిన ప్రశ్న, దాని కింద హార్టు, అవి గూడ చూపించిన. "ఆమె సరిగ్గనే అడిగింది. నేను చదవకుండనే నొక్కిన. నిన్న మీరు అడ్రస్ అడిగిన మాస్టర్ నేనే" అన్న.

వెనక బెంచీ పిల్లగాడు లేచిండు. "సారీ సార్."

"నాకు చెప్పుడెందుకురా?"

"ఆపా వస్తే చెప్త సార్" అని కూచున్నడు.

ఆటో పిల్లతో అడిగించి, ఆమె సరేనన్నంకనే సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసిన. వెనక కుక్కర్ కూత, పాప ఏదో పాఠం చదువుతున్న చప్పుడు.

"అమ్మా, ఆ వీడియో కింద మీరడిగింది నిన్న చదివిన" అన్న.

ఆమె స్టవ్ బందు చేసింది. "నాలుగు నెలలైంది సార్."

"అవునమ్మా."

"మీ హార్ట్ చూసి గట్లనే ఉంటదేమో అనుకున్న. నా నోట్‌బుక్కుల ప్లస్ రాసుండె. కొట్టేసి మైనస్ చేసిన."

"'మీరే చెప్పిండ్రు సార్' అని నిన్న అక్కడనే అనుంటే అయిపోయేది గదమ్మా."

"అందరి ముందట మీరు నిలబడ్డరు గద సార్. ఎట్లంట?"

నా తప్పును ఒప్పుకోమని మనసును ఒప్పించుకునేదానికి నాకు ఒక రాత్రి పట్టింది. ఆమెకు నన్ను కాపాడేదానికి ఒక్క నిమిషం గూడ పట్టలే. క్షమించమని అడిగిన. "పెద్దోళ్లు, గట్లనకండి" అన్నది, కాని పరవాలేదు అని మాత్రం అనలే. క్లాసుకు రమ్మని అడిగితే "చూస్త సార్" అన్నది. ఫోన్ పెట్టబోతూ, "ఒకమాట సార్. నా తీరుగ కామెంట్లల్ల ఇంకెవరన్న అడిగిండ్రా?" అన్నది.

నాకు తెలియదని చెప్పిన.

"ముందుగాల వాళ్లది చూడండి సార్" అన్నది.

ఆ రోజే ఆమె ప్రశ్న కింద రాసిన: "ప్లస్ వస్తదమ్మా. మీరు అనుకున్నదే సరి. వీడియోలో తప్పు నాది, చదవకుండ హార్టు పెట్టింది గూడ నేనే." వీడియో తీయలే. ఆ నిమిషం దగ్గర తప్పున్నదని పైన పెద్దక్షరాలతో పెట్టిన. తర్వాత మొట్టమొదటి వీడియో నుంచి కామెంట్లు చదువుడు మొదలుపెట్టిన. పొగిడినవాటిని దాటేసుకుంట, అడిగినవాటి దగ్గర ఆగుకుంట. పొద్దున కొత్త పాఠాలు తీసే వేళంతా దానికే పెట్టిన. తమ్ముడి గంట మోగుతుంటే చదివేది. ఎంతమంది ఎన్ని అడిగిండ్రో! ఒకరికి గ్రాఫ్ ఎటు వంగుతదో తెలియలే. ఒకామె, సార్ కొంచెం మెల్లగ చెప్పండి అని మూడు వీడియోల కింద మూడుసార్లు అడిగింది. మూడింటికీ హార్టులు. ఒక్కొక్కటి తీసేసి, ఆ చోట జవాబు రాసుకుంట పోయిన.

తర్వాతి వారం ఆమె వచ్చింది. అదే కిటికీ, అదే బెంచీ. వెనక బెంచీ పిల్లగాడు పోయి ఏదో అన్నడు, ఆమె వాని నెత్తి మీద పుస్తకంతో ఒకటి వేసింది. పెట్టెల కాయితం వేయలే. వేయమని నేను అడగలే. ఇంతవరకు అడగలే.

కామెంట్లల్ల ఒక ప్రశ్న ఏడాది దాటింది. పరీక్షకు రెండు రోజుల ముందు ఒక పిల్లగాడు అడిగింది. ఆ పరీక్ష అయిపోయింది, అతను పాసయ్యిండో లేదో తెలియదు. ఆలస్యమైందని, అది నా తప్పేనని రాసి, లెక్క మొత్తం మొదటి లైను నుంచి చేసి పెట్టిన.