పిడికెడు బీడీలకు ఒక పూట అడవి

సారలమ్మ చిన్నప్పుడు అడవిలో తప్పిపోయి, ఒక్కతే బతికి బయటపడిందని నాచారంలో చెప్పుకునేవారు. ఎలుగుబంటి గుహలో పడుకుందని కొందరు, కోతులు పండ్లు విసిరితే తిన్నదని కొందరు. ఆమె పిక్క మీది మచ్చ ఎలుగు గోరు గీసిందేనని మా గల్లీ పిల్లలు ఒట్టు పెట్టి మరీ చెప్పేవారు. అది బండి సైలెన్సర్ తగిలి కాలిన మచ్చని నాకు తెలుసు. మిగతాదంతా నేనూ నమ్మాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి బీడీల షెడ్డుకు వెళ్ళినప్పుడు ఆమెను మొదట చూశాను. నాచారం నుంచి మల్లాపూర్ వెళ్ళే దారిలో, ఫ్యాక్టరీల వెనక సందులో ఉండేది ఆ రేకుల షెడ్డు. ఉప్పల్‌లో అప్పటికింకా మెట్రో స్తంభాలు లేవలేదు. ఆడవాళ్ళమంతా గోడల వెంబడి కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. ఆకు, తంబాకు ఇచ్చేదీ, సాయంత్రం బీడీలు లెక్క చూసి తీసుకునేదీ టేకేదారు బాలరాజు. లెక్క తరచుగా తగ్గేవాళ్ళకు అతను ఆకు ఇవ్వడం మానేసేవాడు. ఆకు ఇవ్వకపోతే ఇక పని లేనట్టే.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం తిని అన్నం డబ్బాలు కడిగి పెట్టాక ఎవరో ఒకరు కథ చెప్పాలి. చెప్పేవాళ్ళ చేయి ఆగిపోతుంది కాబట్టి, వినేవాళ్ళు తలా పిడికెడు బీడీలు వాళ్ళ చాటలో వేయాలి. ఎవరు పెట్టారో తెలియదు, నేను వెళ్ళేసరికే ఉంది.

చెప్పేది ఎప్పుడూ సారలమ్మే. ఆమెది ములుగు అవతల, అడవి అంచున ఊరు. ఎండాకాలం ఇంటిల్లిపాదీ అడవిలోకి వెళ్ళి బీడీలాకు కోసుకొచ్చేవారట. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. వేళ్ళ కణుపులు వాచి, మేం చుట్టేదాంట్లో సగం కూడా చుట్టలేకపోయేది. ఆ పిడికెళ్ళు లేకపోతే ఆమె లెక్క నిండదని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

పొద్దున ఆకు కట్ట విప్పగానే ఒక ఆకు తీసి వాసన చూసేది. మధ్యాహ్నం, నిన్న ఆపిన చోట ఎత్తుకునేది. కథలో ఒక పిల్ల అడవిలో దారి తప్పుతుంది. అది తన చిన్నతనమేనని మేమంతా అనుకునేవాళ్ళం. పిల్ల ఎండిన వాగులో ఇసుక తోడి చెలిమ తీస్తుంది. ఊరిన నీళ్ళు తేటపడేదాకా ఆగి దోసిలితో తాగుతుంది. ఇప్పపూల కోసం ఎలుగు వస్తుందని తెలుసు కాబట్టి తెల్లవారకముందే ఆ చెట్టు కింద నుంచి వెళ్ళిపోతుంది. ఇవన్నీ సారలమ్మ చేతులతో చేసి చూపించేది. ఆ పిల్లకు ఏదో ఒకటి తినిపించి, పడుకోవడానికి ఒక కొమ్మ చూపించి గానీ ఏ రోజూ కథ ఆపేది కాదు.

త్రివేణి అంబర్‌పేట్ నుంచి మా గల్లీకి కోడలిగా వచ్చింది. పదో తరగతి పాసయినా మాతోపాటే బీడీలు చుట్టేది. మాట దురుసు, మనసు మంచిది. ఒక రోజు ఉప్పల్‌లో అద్దెకు దొరికే పుస్తకమొకటి తెచ్చి మధ్యాహ్నం మాకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. అందులో ఒకాయన పట్నంలో ఉద్యోగం వదిలేసి ఒంటరిగా కొండ అడవుల్లోకి వెళ్ళిపోతాడు.

"ఏంది, పెండ్లాం కొట్లాడిందా?" అంది కౌసల్యమ్మ. షెడ్డులో పెద్దది ఆమే.

"పెండ్లే కాలేదత్తా. మనుషులంటే ఇసుగొచ్చి పోయిండు."

"మరి వంట?"

"ఆయనే చేసుకుంటడు. చేపలు పట్టి కాల్చుకుంటడు."

"గట్లయితే మా ముసలోన్ని గూడ పంపుత. జర వంట నేర్సుకొనొస్తడు."

షెడ్డంతా నవ్వింది. కానీ ఆ మనిషి కాలు విరిగి, వానలో పాకుతూ ఏరు వెతుక్కునే చోటికి వచ్చేసరికి అందరి కత్తెరలూ ఆగాయి. నా కత్తెర కూడా. ఎవరూ పిలవని చోటికి ఒక మనిషి కావాలని వెళ్ళడం నాకు వింతగా ఉండేది. ఇంటికీ షెడ్డుకూ మధ్య నడిచేటప్పుడు ఆ ఏరు గుర్తొచ్చి, ఒక్కసారి నేనూ అలా వెళ్తే అనిపించేది.

పద్ధతి ప్రకారం పిడికెళ్ళు త్రివేణి చాటలో పడ్డాయి. మరునాడూ అంతే. ఇద్దరికీ వేస్తే మా లెక్క నిండదు. సారలమ్మ తల వంచుకుని చుట్టుకుంటూ ఉండేది, వేళ్ళ మధ్య ఆకు జారిపోతూ ఉండేది.

రెండో వారం బాలరాజు ఆమె చాట ముందు నిలబడ్డాడు. "సారక్కా, మస్తు తక్కువైతున్నయ్. ఈ వారం సూస్త. గిట్లనే ఉంటే ఆకు ఇయ్యలేను. నన్నేం జెయ్యమంటవ్, పైన సేటు నన్నడుగుతడు."

ఆ మాట కౌసల్యమ్మ విన్నది. మరునాడు మధ్యాహ్నం త్రివేణి పుస్తకం తెరవబోతుంటే ఆపింది. "ఇయ్యాల గది పక్కకు పెట్టు. సారక్క జెప్తది."

త్రివేణికి రోషం వచ్చింది. "నా బుక్కుకు ఆఖరు పేజీ ఉన్నదత్తా. అక్క కథల పిల్ల ఏండ్ల సంది అడివిలనే తిరుగుతున్నది. ఎట్ల బయటికొచ్చిందో చెప్పమను. నా దిక్కు నుంచి రెండు పిడికెళ్ళు."

"నేను గూడ రెండేస్త," అంది ఇంకొకామె. అందరికీ లోపల ఉన్న కోరికే అది. "చెప్పు అక్కా, ఎట్లొచ్చినవ్?"

సారలమ్మ తన చేతులు చూసుకుంది. తర్వాత మెల్లగా ఎత్తుకుంది. పిల్ల చెలిమ నీళ్ళు తాగింది. వాగు గట్టెక్కింది. దూరంగా కుక్క మొరిగింది. చెట్ల సందుల్లోంచి, ఆకు కట్టలు ఎండబెట్టే కల్లం మీది పొగ కనిపించింది.

"అందరు పిలుస్తున్నరు," అంది. "మా నాయిన పిలుస్తుండు. కల్లం కాడోళ్ళు డబ్బాలు కొట్టుకుంట పిలుస్తున్నరు. నేను గట్టు మీద నిలబడి పిలుస్తున్న. నాగులూ... ఓ నాగులూ..."

ఆమె రెండు చేతులూ నోటికి అటూ ఇటూ ఆనించి ఉన్నాయి.

"పొద్దుగూకెదాక పిలిచిన. మా అమ్మ వచ్చి చెయ్యి పట్టి గుంజింది. రేపు పిలుద్దాం రా బిడ్డా, చెల్లె యాడికి పోదు అన్నది."

ఇక చెప్పలేదు. కౌసల్యమ్మ లేచి, ఆమె చాటలో పిడికెడు బీడీలు వేసి వచ్చి కూర్చుంది. ఆ వెనక ఒక్కొక్కరూ లేచారు. త్రివేణి చాటలో ఉన్నవి పొద్దున్నుంచి తను చుట్టినవి. అన్న మాట ప్రకారం రెండు పిడికెళ్ళు తీసింది. మళ్ళీ ఆగి, చాట ఎత్తి మొత్తం గుమ్మరించింది.

మరునాడు డబ్బాలు కడిగి పెట్టాక ఎవరి చాట ముందు వాళ్ళం కూర్చున్నాం. త్రివేణి పుస్తకం తేలేదు. ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "అక్కా, నీళ్ళు తాగినంక పిల్ల ఎటు పోయింది?"

సారలమ్మ ఆమె వైపు చూసింది.

"మొర్రి చెట్టు కాడికి," అంది. "పండ్లు మస్తు రాలినయ్." ఆమె చేతులు కదిలి, నేల మీద పండ్లు ఏరసాగాయి. చాటలో పిడికెళ్ళు పడ్డాయి. ఆ వారం లెక్క నిండింది, బాలరాజు ఆకు ఇచ్చాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది షెడ్డు మూతపడేదాకా అలాగే సాగింది. అన్ని ఏళ్ళలో పిల్ల ఒక్క పూట కూడా పస్తు పడుకోలేదు. ఎలా బయటికొచ్చిందని మళ్ళీ ఎవరూ అడగలేదు. మేం షెడ్డు బయట ఎవరికీ చెప్పలేదు కాబట్టి నాచారంలో పాత మాటే నడుస్తోంది. ఈమధ్య అందులోకి ఒక చిరుతపులి కూడా వచ్చి చేరింది.

అడవిలో తప్పిపోయింది సారలమ్మ కాదు, ఆమె చెల్లెలు నాగులు. ఇంకా దొరకలేదు.